పక్కన పెట్టిన ఉన్ని

మేబెల్ టాప్లిన్ తన ఉన్ని కొట్టును శనివారం సాయంత్రం ఐదున్నరకి మూసేసింది. ముప్పై ఆరేళ్ళుగా ఆ తలుపుకు గడియ పెడుతోంది కాబట్టి చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ఇదే ఆఖరుసారి అన్న సంగతి, మెట్లెక్కి పైగదిలోకి వెళ్ళి, బూట్లు విప్పుకుని మంచం మీద కూర్చున్నాక గాని ఆమెకు తట్టలేదు. తట్టాక కూడా ఏడుపు రాలేదు. కాళ్ళు మాత్రం లాగుతున్నాయి.

ఆ కాళ్ళ మూలంగానే కొట్టు మూతపడింది. పిక్కల మీద నరాలు ఉబ్బి తాళ్ళలా మెలికలు తిరిగాయి. "ఇంకో చలికాలం ఆ కౌంటరు వెనక నిలబడ్డావనుకో, తరవాత నిన్ను నిలబెట్టడం నా వల్ల కాదు," అన్నాడు డాక్టరు. మార్చి నెలాఖరుకి లీజు ఎలాగూ అయిపోతోంది. ఆ తరవాత అక్కడ నాణెం వేస్తే బట్టలుతికే యంత్రాలు పెడతారట. పెట్టుకోనీ అనుకుంది మేబెల్. రెండు వీధుల అవతల, మెట్లు లేని ఒక గది అద్దెకు మాట్లాడుకుంది. యాభై నాలుగేళ్ళ వయసులో ఆమె కోరుకున్నదల్లా మెట్లు లేకపోవడమే.

మర్నాడు ఆదివారం. మెట్ల కిందున్న అలమర ఖాళీ చేద్దామని తలుపు తెరిస్తే, కాగితంలో చుట్టిన ఉన్ని కట్టలు మూడు మిగిలి ఉన్నాయి. ఒక్కోదానికీ పేరు రాసిన చీటీ గుండుసూదితో గుచ్చి ఉంది. పక్కన పెట్టిన ఉన్ని అది. ఒక స్వెట్టరుకి పది ఉండలు కావాలనుకోండి, పదీ ఒకే తొట్టిలో రంగు పట్టినవి కాకపోతే ఒళ్ళొక రంగు, చేతులొక రంగు తేలతాయి. అందుకని ఆడవాళ్ళు పదీ తమ పేరున పక్కన పెట్టించి, వారానికి ఒకటో రెండో పట్టుకెళ్ళేవారు. ఈ మూడు కట్టలు మాత్రం ఎవరూ పట్టుకెళ్ళలేదు.

పారేద్దామనుకుంది. కాని పేర్లున్నాయి కదా. పేరున్న వస్తువుని చెత్తబుట్టలో వేయడం ఆమెకు చేతకాని పని. భోజనం చేసి, కోటు తొడుక్కుని, మూడు కట్టలూ సంచిలో వేసుకుని బయటికి వచ్చింది.

ఆ ఏడు చలికాలం జనాన్ని నంజుకు తినేసింది. క్రిస్మస్ మర్నాడు మొదలైన మంచు మార్చి మొదటి వారందాకా వదల్లేదు. ఇప్పుడిప్పుడే కరుగుతోంది. కంచెల నీడన మాత్రం బొగ్గుపొడి పట్టిన మంచు కుప్పలు ఇంకా నల్లగా పడి ఉన్నాయి. మాంసం కొట్టు విల్ఫ్ గార్నెట్ తన గుమ్మం ముందు ఇంట్లో వేసుకునే చెప్పులతోనే నిలబడి పైపు కాలుస్తున్నాడు.

"ఏం మేబెల్, సంచీ సర్దేశావు? లేచిపోతున్నావా?"

"తీసుకుపోయేవాడు దొరికితే ఎప్పుడో పోయేదాన్ని."

"నన్నడక్కు తల్లీ. మా ఆవిడ ఊరుకోదు."

"మీ ఆవిడ ఊరుకుంటుంది విల్ఫ్. నిన్ను మోయడం నా కాళ్ళ వల్ల కాదు."

అతను పకపకా నవ్వాడు. మేబెల్ నవ్వలేదు గాని, ఆ పలకరింపుకి కాస్త ఊపిరి తీసుకున్నట్టయింది. ఇరవై ఏళ్ళుగా గోడకి అటూ ఇటూ బతికారు ఇద్దరూ. ఎప్పుడూ ఇలాంటి మాటలే తప్ప ఇంకో మాట అనుకోలేదు.

హాథార్న్ రోడ్డు వాలు మీద మెల్లిగా దిగుతూ, ఈ వీధి ఎంత నిశ్శబ్దంగా తయారైందా అనుకుంది. వెనకటికి ఆదివారం మధ్యాహ్నం ఇక్కడ నడవడానికి దారి ఉండేది కాదు. రోడ్డుకి అడ్డంగా తాడు పట్టుకుని పదేసి మంది ఆడపిల్లలు గెంతుతూ ఉండేవారు. బండి వస్తే తాడు నేలమీద వదిలి, అది దాటిపోయాక మళ్ళీ ఎత్తేవారు. బండి అంటే గుర్రబ్బండే, పాలవాడిదో పాతగుడ్డలవాడిదో. పాతగుడ్డలవాడు ఏమని అరిచేవాడో ఎవరికీ అర్థమయ్యేది కాదు, అయినా అందరూ బయటికి వచ్చేవారు. గుర్రం వెళ్ళగానే ఇద్దరు ముసలాళ్ళు గులాబీ మొక్కలకని పేడ కోసం పారలు పట్టుకుని పరిగెత్తేవారు, ఎవరు ముందు చేరితే వారిది. ఇప్పుడు ఆ తాళ్ళు తిరిగినచోట కార్లు నిలబెట్టి ఉన్నాయి. పిల్లలు లోపల టీవీ ముందు కూర్చున్నారు. వెనకటి రోజులే బాగున్నాయని కాదు. ఆ రోజుల్లోనూ ఆమె కాళ్ళు లాగుతూనే ఉండేవి.

మొదటి కట్ట మిసెస్ డనేజ్‌ది. భర్తకి చేతుల స్వెట్టరు మొదలుపెట్టి, సగంలో ఆపేసింది. తలుపు తీసి, చీటీ చూసి నోరు నొక్కుకుంది.

"అయ్యో దేవుడా, ఇది ఇంకా ఉందా! మిస్ టాప్లిన్, మీకు దణ్ణం పెడతాను, వెనక్కి పట్టుకుపోండి."

"కొట్టు మూసేశానండీ. ఎక్కడికి పట్టుకుపోను?"

"నేను ఒక వరస అల్లేలోపు ఆయన పొట్ట రెండు వరసలు పెరుగుతోంది. ఎంతకని అల్లను?"

లోపల్నుంచి ఆ భర్త గొంతు వినిపించింది. "నాకు వినిపిస్తోందే!"

"వినిపించాలనే అన్నాను!" అని ఆవిడ కట్ట తీసుకుని తలుపు వేసుకుంది.

రెండోది మిసెస్ శాలిస్‌ది. ఆమె పోయి రెండేళ్ళయింది. ఆ ఇంటి గేటు ముందు మేబెల్ కాసేపు తటపటాయించింది. ముసలాయన శాలిస్ తలుపు తీశాడు. ఇంట్లో ఉండి కూడా కోటు వేసుకుని ఉన్నాడు. ముదురాకుపచ్చ ఉన్నిని చూడగానే పోల్చుకున్నాడు. కోటు రెండు భుజాల మీంచీ కిందికి లాగాడు. లోపల అదే ఆకుపచ్చ స్వెట్టరు. ఎడమ చెయ్యి నిండుగా ఉంది. కుడి చెయ్యి మోచేతి పైనే ఆగిపోయింది.

"కోటు వేసుకుంటే ఎవరికీ తెలీదమ్మా," అన్నాడు.

మేబెల్ ఆ ఆగిన అంచుని వేలితో పట్టి చూసింది. "ఇవ్వండి, పట్టుకెళ్ళి ఆ చెయ్యి పూర్తి చేసి తెచ్చిస్తాను. రెండు రోజుల పని."

"వద్దు తల్లీ. తను ఎక్కడిదాకా అల్లిందో అక్కడే ఉండనీ." అంటూనే ఉన్ని మాత్రం రెండు చేతులా అందుకున్నాడు. "ఇది కూడా తను ఎంచుకున్న రంగే కదా. నేను దాచుకుంటాను."

అక్కణ్ణుంచి మూలమీది గోడదాకా నడిచి, దానిమీద కూర్చుంది మేబెల్. రాయి చల్లదనం కోటులోంచి ఎక్కుతున్నా లేవబుద్ధి కాలేదు. మిగిలింది ఒకటే కట్ట. తెల్ల ఉన్ని, సన్నది, పసిపిల్లలకి అల్లేది. చీటీ మీద పెన్‌ఫోల్డ్ అని ఉంది, ఆ పక్కన 1947 జనవరి అని. ఆ చేతిరాత మేబెల్‌దే.

పదహారేళ్ళ కిందట ఐరిస్ పెన్‌ఫోల్డ్‌కి ఇరవై ఆరేళ్ళు, మేబెల్‌కి ముప్పై ఎనిమిది. వయసులో అంత తేడా ఉన్నా బుధవారం మధ్యాహ్నాలు, కొట్లన్నీ సగం పూట మూసేసినప్పుడు, ఇద్దరూ కలిసి పార్కుదాకా నడిచేవారు. ఐరిస్‌కి స్వెట్టరు చేతులు అల్లడం వచ్చేది కాదు. బెంచీ మీద కూర్చోబెట్టి మేబెలే నేర్పింది. మేబెల్‌కి స్నేహితురాలంటూ ఎవరైనా ఉన్నారంటే ఆ పిల్లే. యుద్ధం అయిపోయినా బట్టలకి, ఉన్నికి రేషను కూపన్లు నడుస్తున్న కాలం. కడుపుతో ఉన్నవాళ్ళకని అదనంగా ఇచ్చే కూపన్లన్నీ తెచ్చి ఐరిస్ ఈ తెల్ల ఉన్ని పెట్టించుకుంది. సగం పట్టుకెళ్ళి అల్లేసింది. ఆ ఫిబ్రవరిలో బొగ్గు లేదు, కరెంటు పూటకి కొన్ని గంటలే. బిడ్డ పుట్టి తొమ్మిది రోజులు బతికింది.

ఆ తరవాత ఐరిస్ ఒక్కసారే కొట్టుకు వచ్చింది. మళ్ళీ రాలేదు. పాపం, ఉన్ని చూస్తే దుఃఖం వస్తుందేమో అని అనుకుంది మేబెల్. అలా అనుకోవడం సులువుగా ఉండేది. కాని ఐరిస్‌కి ఆనక ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఇద్దరికీ చేత్తో అల్లిన స్వెట్టర్లే. ఆ పిల్లల ఒంటి మీది ఉన్ని తమ కొట్టుది కాదని వీధి అవతలనుంచే పోల్చుకునేది మేబెల్. ఎక్కడో బస్సెక్కి వెళ్ళి కొనుక్కొస్తోందన్నమాట. ఆ సంగతి గురించి మాత్రం మేబెల్ ఎప్పుడూ చివరిదాకా ఆలోచించలేదు. కొట్టులో పని ఎప్పుడూ ఉండనే ఉండేది.

గోడమీంచి లేచి, పెన్‌ఫోల్డ్ వాళ్ళ తలుపు తట్టింది.

ఐరిస్ గౌను చేతులు పైకి మడుచుకుని ఉంది. ముఖాన చెమట. జుట్టు అక్కడక్కడ నెరిసింది. మేబెల్‌ని చూసి తలుపు సగంలోనే పట్టుకుని నిలబడింది.

"మిస్ టాప్లిన్. ఏం కావాలండీ?"

ఆ "అండీ" మేబెల్‌కి చెంపదెబ్బలా తగిలింది.

"కొట్టు మూసేశాను. నీ ఉన్ని ఉండిపోయిందమ్మా. నీ పేరుందని తెచ్చాను. వద్దంటే తీసుకెళ్ళిపోతాను."

ఐరిస్ కట్ట వంక చూసింది. చీటీ చదివింది. చెయ్యి మాత్రం చాపలేదు. వంటింట్లోంచి ఆమె భర్త లెన్ కేక వేశాడు. "ఐరిస్! ఆ పెద్ద పానా ఎక్కడ చచ్చింది?"

"నీ కాళ్ళ దగ్గరే ఉంది, చూసుకో!" అని లోపలికి అరిచి, మళ్ళీ ఇటు తిరిగింది. "మంచుకి పైపు పగిలింది. పొద్దుట్నుంచి సింకు కిందే కాపురం."

"నేను మళ్ళీ వస్తాలే."

"మళ్ళీ ఎందుకు? పదహారేళ్ళు పట్టింది ఒకసారి రావడానికి." ఐరిస్ గొంతు ఎక్కడా పెరగలేదు. "నేనెందుకు మానేశానో ఎప్పుడైనా అడిగావా మేబెల్? ఎదురుగుండా వీధిలో పోతుంటే, ఒక్కసారి?"

"మా అమ్మ అన్న మాటకే అనుకున్నాను."

"ఏమందో గుర్తుందా?"

గుర్తుంది. మిగిలిన ఉన్ని వద్దు, ఇంకెవరికైనా ఇచ్చేయండి అని చెప్పడానికే ఆ రోజు ఐరిస్ వచ్చింది. కొట్టు నిండా వరసలో ఆడవాళ్ళు. మేబెల్ తల్లి ఆడా టాప్లిన్ కళ్ళజోడు మీంచి చూసి, అందరికీ వినిపించేలా అంది: "పుట్టకముందే అంతంత అల్లిపెట్టుకుంటే మరి ఇలాగే ఉంటుంది. చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఇప్పుడు కూపన్లూ దండగ."

"గుర్తుంది," అంది మేబెల్.

"మీ అమ్మ సంగతి ఊరందరికీ తెలుసు. ఆవిడ రాజుగారినైనా అనేసేది. దానికి నేను మానలేదు. నువ్వు తలెత్తలేదు."

"ఎలాస్టిక్ కొలుస్తున్నాను."

"చూశానులే. ఒకటే ముక్క మూడుసార్లు కొలిచావు."

మేబెల్ గుమ్మం పక్క గోడకి చెయ్యి ఆనించింది. అబద్ధం చెప్పే ఓపిక కూడా ఆమెలో లేదు. "భయమేసింది ఐరిస్. అమ్మంటే భయం నాకు."

"నీకప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు!"

"అవును. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చినా భయమే. ఆవిడ పోయి ఎనిమిదేళ్ళయింది, ఇప్పటికీ కౌంటరు మీద మోచెయ్యి ఆనిస్తే వెనక్కి తిరిగి చూసేదాన్ని. నేనొక్క మాట అనాల్సింది. ఆ పూటే నీ వెనకాల రావాల్సింది. రాలేదు. తరవాత రోజులు గడిచేకొద్దీ మరీ కష్టమైపోయింది."

ఐరిస్ ఏదో అనబోయింది. అంతలో లోపల టప్పుమని చప్పుడు, ఆ వెంటనే లెన్ పెట్టిన కేక, నీళ్ళ హోరు.

"ఐరిస్! బయట నీళ్ళ మీట తిప్పు! రోడ్డు మీది మీట!"

ఐరిస్ మేబెల్‌ని దాటుకుని వీధిలోకి పరిగెత్తింది. వెనకనుంచి లెన్ మళ్ళీ అరిచాడు. "ఎవరో ఒకరు ఆ తొట్టి పట్టండర్రా!"

ఇంట్లో వేరే ఎవరూ లేరు. మేబెల్ ఉన్ని కట్ట హాల్లో కుర్చీ మీద పడేసి వంటింట్లోకి వెళ్ళింది. సింకు కింద లెన్ కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. పగిలిన చోటునుంచి నీళ్ళు విసనకర్రలా చిమ్ముతున్నాయి. రేకు తొట్టి అందుకుని, ఉబ్బిన కాళ్ళు ఎలా వంగాయో గాని వంగి, ఆ నీళ్ళకి అడ్డం పెట్టి మోకాళ్ళ మీద కూర్చుంది. సగం నీళ్ళు తొట్టిలోకి, సగం ఆమె మీదికి. మంచులోంచి వచ్చిన నీళ్ళు. మేజోళ్ళు తడిసి ఎముకల్లోకి చలి పాకింది.

"ఎవరిది, పక్కింటి డొరీనా?" అన్నాడు లెన్ లోపల్నుంచి.

"మేబెల్ టాప్లిన్‌ని."

కాళ్ళు కదలడం మానేశాయి. "ఉన్ని కొట్టు మిస్ టాప్లినా?"

"అవునండీ."

"ఓరి దేవుడా," అన్నాడు లెన్.

నీళ్ళు ఆగాయి. ఐరిస్ రొప్పుతూ గుమ్మంలోకి వచ్చి చూసింది. నేలంతా చెరువు. మధ్యలో ఆదివారం కోటుతో, టోపీతో, తొట్టి ఒళ్ళో పెట్టుకుని మేబెల్. లేవడానికి చూస్తోంది, లేవలేకపోతోంది. ఐరిస్‌కి నవ్వు వచ్చింది. వద్దనుకున్నా ఆగలేదు. వచ్చి, మేబెల్ చంకల కింద చేతులు వేసి లేపి, కుర్చీలో కూలేసింది. తువ్వాలు తెచ్చి ఆమె ఒళ్ళో పడేసింది.

"టీ పెడదామన్నా నీళ్ళు లేవు. క్రిస్మస్ నాటి షెర్రీ వైను కాస్త ఉంది. తాగుతావా?"

"ఏదైనా తాగుతాను."

లెన్ పానా చేత్తో పట్టుకుని, ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పక్కింట్లో ఏదో అడిగి తెచ్చుకోవాలని బయటికి వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళిద్దరూ తడి నేలలో పాదాలు పెట్టుకుని చిన్న గ్లాసుల్లో షెర్రీ తాగారు. సింకులోంచి ఇంకా ఒకటీ ఒకటీ చుక్కలు పడుతున్నాయి.

"పాపకి పేరు పెట్టారా?" అంది మేబెల్. అడిగాక, అడగకూడనిది అడిగానేమోనని బెదిరింది.

ఐరిస్ గ్లాసు బల్ల మీద పెట్టింది. "సిల్వియా," అంది. "ఆసుపత్రిలోనే పాదిరీ వచ్చి బాప్తిస్మం ఇచ్చాడు. నేనల్లిన ఆ తెల్ల టోపీ పెట్టాం. సైజు ఎక్కువైంది, కళ్ళ మీదికి జారిపోయేది." కాస్త ఆగి, "లెన్‌తో కూడా నేనా పేరు అనను. ఇన్నేళ్ళలో పేరేమిటని అడిగిన మనిషి లేదు. బిడ్డ అంటారు, అంతే," అంది.

"సిల్వియా," అంది మేబెల్, సరిగ్గా విన్నదో లేదో చూసుకున్నట్టు.

"ఊఁ."

ఐరిస్ ఏడవలేదు. అలసిన మనిషి బరువు దించుకుంటే ఎలా కూర్చుంటుందో అలా కూర్చుంది. "నీ మీద నా కోపం పోయిందని మాత్రం అనుకోకు మేబెల్," అంది ఆఖరికి.

"అనుకోను."

"కోపం పట్టుకుని ఉండే ఓపికా లేదు, అది వేరే సంగతి."

ఆ మాట మేబెల్‌కి బాగా అర్థమైంది. ఆమె లేచింది. హాల్లో కుర్చీ మీది ఉన్ని కట్ట ఊసు ఇద్దరూ ఎత్తలేదు. ఆ తరవాత దాన్ని ఐరిస్ ఏం చేసిందో మేబెల్ ఎన్నడూ అడగలేదు. గుమ్మం దగ్గర ఐరిస్ లెన్ మందపాటి మేజోళ్ళు ఒక జత ఆమె చేతిలో పెట్టింది. "తడివి విప్పి ఇవి తొడుక్కుని పో. ఇంటికెళ్ళేలోపు న్యుమోనియా వస్తుంది, మళ్ళీ ఆ పాపం నాకెందుకు."

వాలు ఎక్కి ఇంటికి చేరేసరికి చీకటి పడింది. వాళ్ళ స్నేహం మళ్ళీ మొదటిలా అయిపోలేదు. మధ్యలో పదహారేళ్ళు పోయాయి మరి. కాని కొత్త గదిలోకి మారే రోజున పెట్టెలు మోయడానికి ఐరిస్ తన పెద్ద కొడుకుని పంపింది. వీధిలో ఎదురైతే ఆగేది, కాళ్ళెలా ఉన్నాయని అడిగేది. మేబెల్ లాగుతున్నాయని చెప్పేది. ఆ మాటలు వాళ్ళిద్దరికీ సరిపోయాయి.

ఐరిస్ ఇంటికి వెళ్ళొచ్చిన మర్నాడు, సోమవారం, ఇంకా కొట్టు పైగదిలోనే ఉండగా, ఆరున్నరకే మెలకువ వచ్చింది మేబెల్‌కి. లేచి కూర్చోబోయి, అక్కర్లేదని గుర్తొచ్చి ఆగిపోయింది. తొమ్మిది గంటలప్పుడు కింద ఎవరో కొట్టు తలుపు గడగడలాడించారు.

"మూసేశారా ఏమిటి? నాకొక్క గుండీ కావాలంతే!" అని ఎవరో ఆడమనిషి గొంతు.

"బోర్డు మీద రాసుంది కదమ్మా, చదువుకోలేదా?" అన్నాడు విల్ఫ్ గార్నెట్. "ఆవిణ్ణి పడుకోనీ."

ఆ గుండీ ఏ రంగుదో, ఏ సొరుగులో ఉందో మేబెల్ కళ్ళు మూసుకునే చెప్పగలదు. దుప్పటి భుజాల మీదికి లాక్కుని గోడవైపు తిరిగి పడుకుంది. పదకొండు దాకా లేవలేదు.